డకోటా నుంచి జంబో దాకా: మన పాత విమానాల మోడళ్లు ఏ స్కేల్‌లో పెట్టుకోవాలి?

వాసు_మల్కాజిగిరి (హైదరాబాద్), శనివారం రాత్రి 9:40

అందరికీ నమస్కారం. ఇన్నాళ్లూ ఇప్పటి విమానాల మోడళ్లే కొన్నాను, దాదాపు అన్నీ 1:400 (అసలు సైజులో నాలుగొందల వంతు) డై-కాస్ట్‌లు, అంటే లోహంతో పోసినవి. ఇప్పుడు మన దేశంలో ఎగిరిన పాత ప్యాసింజర్ విమానాలకు ఒక షెల్ఫ్ కేటాయించాలనుకుంటున్నాను. షెల్ఫ్ పొడవు నాలుగడుగులు.

నా లిస్టు ఇది: డెక్కన్ ఎయిర్‌వేస్ డకోటా, ఎయిర్ ఇండియా కాన్‌స్టెలేషన్ ‘మలబార్ ప్రిన్సెస్’, ఇండియన్ ఎయిర్‌లైన్స్ వైకౌంట్, ఎయిర్ ఇండియా బోయింగ్ 707, ఇండియన్ ఎయిర్‌లైన్స్ కారవెల్, చివర్లో ఒక బోయింగ్ 747 జంబో.

అన్నీ ఒకే స్కేల్‌లో ఉండాలని కోరిక. పక్కపక్కన పెడితే డకోటా ఎంత, జంబో ఎంత అన్నది కంటికి తెలియాలి. ఏ స్కేల్ మంచిది? రెడీమేడ్ కొనాలా, కిట్ తెచ్చి కట్టుకోవాలా? డెక్కన్ ఎయిర్‌వేస్ రంగుల్లో రెడీమేడ్ నేను వెతికినంతలో కనిపించలేదు. బేగంపేటలో పుట్టిన కంపెనీ, అది లేకుండా ఈ షెల్ఫ్ మొదలుపెట్టాలని లేదు.

ట్రిపుల్‌టెయిల్ (డాలస్), శనివారం రాత్రి 11:15

వాసు గారూ, చాలా మంచి లిస్టు. నా ఓటు 1:200కి.

రెక్కల వెడల్పు లెక్క వేసి చూశాను. 1:200లో డకోటా పద్నాలుగున్నర సెంటీమీటర్లు, కాన్‌స్టెలేషన్ 19, వైకౌంట్ 14, 707 దాదాపు 22, కారవెల్ 17, 747 ముప్ఫై. మొత్తం కలిపితే 116 దాకా వస్తుంది. మీ నాలుగడుగులు అంటే 122. రెక్కకి రెక్క తగలకుండా సరిగ్గా పడతాయి. 1:400లో అన్నీ సగం అయిపోతాయి. డకోటా ఏడు సెంటీమీటర్లు మిగులుతుంది, ఆ సైజులో తలుపు గీత కూడా సరిగ్గా కనిపించదు. కొత్త జెట్‌లకు 1:400 బాగానే ఉంటుంది గానీ, ప్రొపెల్లర్ విమానం అందమంతా ఇంజిన్ల దగ్గర, చక్రాల దగ్గర ఉంటుంది. అవి కనపడాలంటే సైజు ఉండాలి.

ఒక్క మాట. షెల్ఫ్ లోతు కూడా కొలవండి. 1:200లో 747 పొడవు 35 సెంటీమీటర్లు.

విశాఖ_తీరం (విశాఖపట్నం), ఆదివారం ఉదయం 7:05

ట్రిపుల్‌టెయిల్ గారి లెక్క సరిగ్గానే ఉంది, కానీ అది రెడీమేడ్ దొరికే విమానాలకు. మీకు ముఖ్యమైనది డెక్కన్ ఎయిర్‌వేస్ డకోటా కదా, అది చేత్తో చేసుకోవాల్సిందే. అలాంటప్పుడు 1:144 ప్లాస్టిక్ కిట్లకు రండి. ప్యాసింజర్ విమానాల కిట్లకు ప్రపంచమంతా వాడే స్కేల్ అదే. రోడెన్ అనే కిట్ల కంపెనీ సీ-47 (డకోటా సైనిక రూపం) చేసింది, ఎయిర్‌ఫిక్స్ కంపెనీ పాత కారవెల్ కిట్ సెకండ్ హ్యాండ్‌లో ఇప్పటికీ తిరుగుతూ ఉంటుంది. 1:144లో డకోటా రెక్కలు 20 సెంటీమీటర్లు, 707 ముప్ఫై. చేతికి నిండుగా ఉంటాయి.

747 ఒక్కటే ఇబ్బంది. 1:144లో అది 49 సెంటీమీటర్ల పొడవు. దానికి వేరే చోటు చూసుకోవాలి.

డార్ట్_ఇంజిన్ (సికింద్రాబాద్), ఆదివారం ఉదయం 10:30

వాసూ, నేను ఇండియన్ ఎయిర్‌లైన్స్‌లో ఇంజినీరింగ్ వైపు పనిచేసి రిటైరయ్యాను. స్కేల్ గురించి మీ వాళ్లు చెప్తున్నారు, ఆ విషయం వాళ్లకే వదిలేస్తాను. నేను అడిగేది వేరు. డకోటా అంటే ఏ డకోటా? ఏ రిజిస్ట్రేషన్, ఏ సంవత్సరం? అది తేల్చుకోకుండా కిట్ కొంటే చివరికి మీ షెల్ఫ్ మీద ఉండేది ఏ విమానమూ కాదు, రంగు వేసిన ప్లాస్టిక్.

మన దేశంలో యుద్ధం తర్వాత కంపెనీలు నడిపిన డకోటాల్లో అత్యధికం అమెరికన్ సైన్యం వదిలేసిన సీ-47లు. అసలు ప్యాసింజర్ డీసీ-3కి, సీ-47కి తేడా తలుపు దగ్గర తెలుస్తుంది. సీ-47కి ఎడమవైపు వెనక సరుకు ఎక్కించే పెద్ద రెండు రెక్కల తలుపు. జీపు కూడా ఎక్కేంత వెడల్పు. కంపెనీలు కొనుక్కున్నాక సీట్లు వేశాయి, లోపల పరదాలు కట్టాయి, ఆ తలుపు మాత్రం చాలా వాటికి అలాగే ఉంది. మీరు డీసీ-3 కిట్ తెచ్చి చిన్న తలుపుతో డెక్కన్ ఎయిర్‌వేస్ అని రాస్తే, ఫొటో తెలిసినవాడు మొదట చూసేది అదే.

కాన్‌స్టెలేషన్‌కీ ఇదే జాగ్రత్త. మలబార్ ప్రిన్సెస్ ఎల్-749. కిట్లలో ఎక్కువగా కనపడేది సూపర్ కాన్‌స్టెలేషన్, అంటే ఎల్-1049. మొదటిది 95 అడుగుల పొడవు, రెండోది 113. కిటికీలు చూడండి: 749కి గుండ్రంగా, 1049కి పలకగా ఉంటాయి. ముక్కు కూడా చూడాలి. వాతావరణ రాడార్ పెట్టాక ముక్కు ముందుకు సాగింది. 1948 నాటి విమానానికి ఆ పొడుగు ముక్కు ఉండకూడదు.

వాసు_మల్కాజిగిరి, ఆదివారం మధ్యాహ్నం 12:10

డార్ట్ సర్, మీరు ఇక్కడ ఉన్నందుకు సంతోషం. డెక్కన్ ఎయిర్‌వేస్ రంగులు, అక్షరాలు ఎలా తెలుసుకోవాలి? కలర్ ఫొటో ఒక్కటీ దొరకలేదు.

నిహారిక_గుంటూరు (గుంటూరు), ఆదివారం సాయంత్రం 4:45

వాసు గారూ, నేను డెకల్స్ (మోడల్ మీద అంటించే అక్షరాలు, గుర్తులు) గీస్తాను, ఈ పని నాకు ఇష్టం కాబట్టి కాస్త వివరంగా రాస్తాను.

డెక్కన్ ఎయిర్‌వేస్ నిజాం ప్రభుత్వం, టాటాలు కలిసి 1945లో పెట్టిన సంస్థ. 1953లో జాతీయకరణతో మిగతా ప్రైవేటు కంపెనీలతో పాటు ఇండియన్ ఎయిర్‌లైన్స్‌లో కలిసిపోయింది. అంటే ఆ రంగులు ఆకాశంలో ఉన్నది ఏడెనిమిదేళ్లే. అందుకే ఫొటోలు తక్కువ, ఉన్నవీ నలుపు తెలుపులో.

నలుపు తెలుపు ఫొటో చూసి రంగు ఊహించకండి. ఎరుపు, ముదురు నీలం ఆ ఫొటోల్లో దాదాపు ఒకే బూడిద రంగులా కనపడతాయి. ఆ రోజుల ఫిల్మ్‌ని బట్టి ఎరుపు నల్లగా కూడా పడొచ్చు. అందుకే కాగితం మీద అచ్చయిన వాటిని వెతకండి: టైమ్‌టేబుళ్లు, సామానుకి అంటించే లేబుళ్లు, టికెట్ జాకెట్లు, పోస్టల్ కవర్లు. కంపెనీ తన రంగునే వాటి మీద వాడుకునేది. పాత కాగితాలు అమ్మేవాళ్ల దగ్గర, స్టాంపులు సేకరించేవాళ్ల దగ్గర ఇవి అప్పుడప్పుడూ బయటపడతాయి. కాగితం దొరికాక ఫొటోలోని ముదురు గీతతో పోల్చి చూడండి. అప్పుడు మన ఊహకి ఒక ఆధారం ఉంటుంది.

ఇంకో మాట. మోడల్ పక్కన చిన్న కార్డు పెడితే ప్రేమ్ మాథుర్ పేరు తప్పకుండా రాయండి. 1947లో కమర్షియల్ పైలట్ లైసెన్స్ సాధించారు. ఆడపిల్లని కాక్‌పిట్‌లో కూర్చోబెట్టం అని చాలా కంపెనీలు తిప్పి పంపితే, ఉద్యోగం ఇచ్చింది మన హైదరాబాద్ కంపెనీయే. దేశంలో మొదటి మహిళా కమర్షియల్ పైలట్ డెక్కన్ ఎయిర్‌వేస్ డకోటాలో కో-పైలట్‌గా కూర్చున్నారు. నేను ఈ విమానం అక్షరాలు గీయాలనుకోవడానికి ఆవిడే కారణం.

అక్షరాలు ముదురు రంగులో ఉంటే మామూలు లేజర్ ప్రింటర్, పారదర్శకమైన డెకల్ కాగితం చాలు. తెల్ల అక్షరాలైతే మామూలు ప్రింటర్ తెలుపు వేయలేదు. వాటికి స్క్రీన్ ప్రింటింగ్ చేయించాలి, లేదా ముందు తెల్ల రంగు కొట్టి, అక్షరాల ఆకారంలో కత్తిరించిన టేపు అంటించి, పైన అసలు రంగు వేసి టేపు తీసేయాలి.

డార్ట్_ఇంజిన్, ఆదివారం రాత్రి 8:20

నిహారికమ్మా, చాలా బాగా చెప్పావు.

వాసూ, సీ-47 తలుపు, కిటికీలు, ఇంజిన్ కౌలింగ్ (ఇంజిన్ చుట్టూ ఉండే రేకు తొడుగు) దగ్గర నుంచి చూడాలంటే భువనేశ్వర్ వెళ్లు. బిజూ పట్నాయక్ కళింగ ఎయిర్‌లైన్స్ డకోటా, వీటీ-ఏయూఐ, కోల్‌కతాలో ఏళ్ల తరబడి పడి ఉంటే 2023లో భువనేశ్వర్ తెచ్చి బాగుచేసి పెట్టారు. 1947లో ఇండోనేసియా నాయకుడు షరీర్‌ని పట్నాయక్ డచ్చివాళ్ల కళ్లు కప్పి తెచ్చింది ఆ విమానంలోనే అని చెప్తారు. నీ మోడల్‌కి అది అన్నదమ్ముల వరస.

ట్రిపుల్‌టెయిల్ (డాలస్), సోమవారం ఉదయం 6:30

ఇక 707 సంగతి. దీని మీద నాకు పట్టింపు ఎక్కువ, ఓపిగ్గా చదవండి.

ఎయిర్ ఇండియా 1960లో తెచ్చుకున్న మొదటి 707లు 437 మోడల్. చివరి 37 అంకె బోయింగ్ కంపెనీ ఎయిర్ ఇండియాకి ఇచ్చిన కస్టమర్ నంబర్. తర్వాత 747-237లోనూ అదే 37 కనిపిస్తుంది. 437లకు ఉన్నది అమెరికన్ ఇంజిన్ కాదు, రోల్స్ రాయిస్ కాన్వే. బ్రిటన్ బీఓఏసీ, జర్మనీ లుఫ్తాన్సా లాంటి కొద్ది విమాన కంపెనీలే ఆ ఇంజిన్ పెట్టించుకున్నాయి. కాన్వే గొట్టం సన్నగా, ముందు నుంచి వెనక దాకా ఒకే తీరులో ఉంటుంది. వెనక పొగ వచ్చే చోట శబ్దం తగ్గించడానికి పూరేకుల్లా విడివిడిగా అంచులు. తర్వాత వచ్చిన 707-337లకు ప్రాట్ అండ్ విట్నీ జేటీ3డీ. దానికి ముందువైపు ఫ్యాన్ చుట్టూ లావుపాటి కౌలింగ్, ఆ వెనక ఒక మెట్టు దిగినట్టు సన్నబడుతుంది.

మార్కెట్‌లో జరుగుతున్నది ఏంటంటే, ఒకే అచ్చుకి ఎయిర్ ఇండియా రంగులు ముద్రించి పేరు ‘నందాదేవి’ అని వేసేస్తారు. ఇంజిన్ మాత్రం జేటీ3డీ. పర్వతాల పేర్లు, ఎర్ర గీత అంతా సరిగ్గా ఉండి, రెక్కల కింద వేరే విమానం ఇంజిన్లు వేలాడుతుంటే నాకు చూడబుద్ధి కాదు. ఎయిర్ ఇండియా మొదటి జెట్ ప్యాసింజర్ విమానాలవి. వాటి ముఖం మార్చేస్తే ఎలా?

కిట్ కొంటే పెట్టె మీద బొమ్మ చూసి మోసపోకండి, ఇంజిన్ భాగాల ఫొటో పంపమని అడగండి. బీఓఏసీ 707-436 అని ఉంటే అది కాన్వేదే. తోక కింద చిన్న ఫిన్ కూడా ఉండాలి. బ్రిటిష్ అధికారులు పట్టుబట్టి పెట్టించిన ఫిన్ అది.

గోదారి_గట్టు (రాజమహేంద్రవరం), సోమవారం రాత్రి 9:00

అందరికీ నమస్తే. ఒక విషయం అడగాలనుంది, ఎవరూ బాధపడొద్దు. మలబార్ ప్రిన్సెస్ 1950 నవంబరులో మాంట్ బ్లాంక్ కొండని గుద్దుకుని 48 మంది పోయారు. 707 ‘కాంచన్‌జంగా’ 1966లో అదే కొండ మీద కూలింది, హోమీ భాభా అందులోనే వెళ్లిపోయారు. 747 ‘ఎంపరర్ అశోక’ 1978 కొత్త సంవత్సరం రోజున బాంద్రా దగ్గర సముద్రంలో పడింది. ‘కనిష్క’ గురించి చెప్పక్కర్లేదు, 329 మంది. ఎక్కువమంది అడిగి మరీ కొనేది ఈ రిజిస్ట్రేషన్లే. ఇంట్లో షోకేస్‌లో ఇవి పెట్టుకోవడం నాకు మనసొప్పదు. మీరేమంటారు?

విశాఖ_తీరం, సోమవారం రాత్రి 9:50

నేను కనిష్క పెట్టుకోను. బాంబు పెట్టి చంపిన విమానం అది. ఆ కుటుంబాలు ఇంకా ఉన్నాయి. అమ్మేవాడు ‘అరుదైన కనిష్క’ అని ఎక్కువ ధర వేస్తే నాకు కోపం వస్తుంది.

ట్రిపుల్‌టెయిల్, మంగళవారం ఉదయం 5:55

నేను మలబార్ ప్రిన్సెస్ పెట్టుకున్నాను, ఎందుకో చెప్తాను. 1948 జూన్ 8న స్వతంత్ర భారతదేశం నుంచి లండన్‌కి మన కంపెనీ మొదటి సర్వీసు నడిపింది ఆ విమానమే. బొంబాయి, కైరో, జెనీవా, లండన్. స్వాతంత్ర్యం వచ్చి ఏడాది కూడా కాలేదు. కూలిపోయింది కాబట్టి దాన్ని పక్కన పెడితే ఆ మొదటి ప్రయాణాన్ని కూడా పక్కన పెట్టినట్టే. నా దగ్గర కార్డు మీద రెండు తేదీలూ ఉన్నాయి, 1948 జూన్ 8, 1950 నవంబర్ 3. ఎవరైనా వచ్చి అడిగితే రెండూ చెప్తాను.

డార్ట్_ఇంజిన్, మంగళవారం ఉదయం 9:10

గోదారి గారూ, మీ బాధ నాకు అర్థమైంది. మా వృత్తిలో కూలిన విమానాన్ని మర్చిపోయినవాడు లేడు, మర్చిపోకూడదు కూడా. మాంట్ బ్లాంక్ మీద బొసాన్ హిమానీనదం కరిగినప్పుడల్లా ఆ రెండు విమానాల ముక్కలు బయటికి వస్తూనే ఉన్నాయి. 2012లో 1966 నాటి దౌత్య తపాలా సంచి దొరికింది. కాలం కప్పెట్టినా అవి పోలేదు.

నా మటుకు, విమానాన్ని అది బాగా ఎగిరిన రోజుల్లో ఎలా ఉందో అలా నిలబెట్టడం తప్పు కాదు. కూలిన దాన్ని కాబట్టి ధర పెంచి అమ్మడం తప్పు. 707 కావాలంటే సురక్షితంగా సర్వీసు ముగించినవీ ఉన్నాయి, వాటిలోంచి ఎంచుకోవచ్చు.

నిహారిక_గుంటూరు, మంగళవారం మధ్యాహ్నం 1:30

747కి మాత్రం నా దగ్గర ఒక పేరుంది, వాసు గారూ. ఎయిర్ ఇండియా జంబోలకు చక్రవర్తుల పేర్లు పెట్టింది కదా. వాటిలో వీటీ-ఈఎఫ్‌యూ పేరు ‘ఎంపరర్ కృష్ణదేవరాయ’. అశోక, షాజహాన్, అక్బర్ పక్కన మన రాయలు. ఆముక్తమాల్యద రాసిన మనిషి పేరుతో జంబో జెట్ ఎగిరిందని చెప్తే మా ఇంట్లో పిల్లలు నమ్మలేదు, ఫొటో చూపించాల్సి వచ్చింది.

దాని మీద ప్రతి కిటికీ చుట్టూ ఎర్రటి రాజస్థానీ ఝరోఖా (కోటల్లోని కిటికీ) తోరణం ఉంటుంది. ఆ తోరణాలే ఈ మోడల్‌లో అసలు పరీక్ష. చవక మోడళ్లలో తోరణం కిటికీకి అర మిల్లీమీటరు పక్కకి జరిగి పడుతుంది. ఒకటి జరిగితే వరస మొత్తం జరుగుతుంది. కొనేముందు పక్క నుంచి తీసిన పెద్ద ఫొటో అడగండి, ముక్కు దగ్గరి కిటికీలు, తోక దగ్గరివి రెండూ చూడండి.

గోదారి_గట్టు, మంగళవారం సాయంత్రం 6:15

కృష్ణదేవరాయ ఉంటే నేనూ ఒకటి తెచ్చుకుంటాను నిహారిక గారూ. డార్ట్ గారి మాట బాగుంది. కనిష్క విషయంలో మాత్రం నా అభిప్రాయం అదే.

వాసు_మల్కాజిగిరి, మంగళవారం రాత్రి 10:05

అందరి మాటలూ చదివాను. బయటి నుంచి తెప్పిస్తే ఖర్చు ఎంత అవుతుంది? ఇంకా, డై-కాస్ట్ 747 కొంటే ఏళ్ల తరబడి నిలుస్తుందా? నా పాత మోడల్ ఒకటి రెక్క దగ్గర వెంట్రుకంత పగుళ్లు ఇస్తోంది.

విశాఖ_తీరం, బుధవారం ఉదయం 6:50

ఖర్చు ముందు చెప్తాను. కస్టమ్స్ లెక్కలో స్కేల్ మోడళ్లు బొమ్మల కిందికే వస్తాయి. ఆ సుంకం 2020లో 20 నుంచి 60 శాతానికి, 2023లో 70 శాతానికి పెరిగింది. వస్తువు ధరకే కాదు, పార్సిల్ ఖర్చు కలిపిన మొత్తానికి వేస్తారు, దాని మీద జీఎస్టీ. ఆర్డర్ పెట్టే రోజున రేటు ఎంతుందో చూసుకుని పెట్టండి. ఇక్కడి సేకర్తల దగ్గర సెకండ్ హ్యాండ్ దొరికితే మొదట అదే చూడండి.

పగుళ్ల విషయం సీరియస్. అది జింక్ రాట్ అయి ఉండొచ్చు. డై-కాస్ట్ మోడళ్లు జమాక్ అనే జింక్ మిశ్రమలోహంతో పోస్తారు. పోసేటప్పుడు అందులో సీసం లాంటివి కొద్దిగా కలిసినా, ఏళ్లు గడిచాక లోహం లోపల్నుంచే తినేస్తుంది. ముందు చిన్న పగుళ్లు, తర్వాత ఉబ్బు, రెక్క వంకర, ఆఖరికి ముక్కలు. దీనికి మందు లేదు. ఒక మోడల్ నుంచి ఇంకోదానికి అంటుకోదు, అది భయపడక్కర్లేదు. వేడి, తేమ ఉంటే త్వరగా ముదురుతుంది. మా సముద్రపు గాలికి ఇది బాగా తెలుసు. గాజు తలుపు ఉన్న అల్మరా, లోపల సిలికా జెల్, నేరుగా ఎండ పడని గోడ, ఇంతే చేయగలం. సెకండ్ హ్యాండ్ కొనేటప్పుడు రెక్క కడుపుకి కలిసే చోట దీపం వేసి చూడండి.

కిట్ కట్టేవాళ్లకి ఇంకో హెచ్చరిక. 707, కాన్‌స్టెలేషన్, ముఖ్యంగా వెనక ఇంజిన్ల కారవెల్ ముక్కులో బరువు పెట్టకపోతే తోక మీద కూర్చుంటాయి. ఆ బరువుకి సీసం గుళ్లు వాడి తెల్ల జిగురుతో అంటించొద్దు. జిగురులోని ఆమ్లానికి సీసం తెల్లటి పొడిగా మారి ఉబ్బుతుంది, మోడల్ అతుకులు పగిలిపోతాయి. స్టీలు బాల్ బేరింగులు, ఎపాక్సీ జిగురు వాడండి. డకోటాకి ఈ గొడవ లేదు, అది తోక చక్రం మీదే నిలబడే విమానం.

డార్ట్_ఇంజిన్, బుధవారం ఉదయం 11:00

లిస్టులో ఒకటి తగ్గింది. కాన్పూర్‌లో హెచ్ఏఎల్ (హిందుస్థాన్ ఏరోనాటిక్స్) కట్టిన హెచ్ఎస్-748. మన చేతులతో కట్టి, మన కంపెనీ నడిపిన ప్యాసింజర్ విమానం. వైకౌంట్, ఫోకర్ ఫ్రెండ్‌షిప్, 748 మూడింటికీ రోల్స్ రాయిస్ డార్ట్ ఇంజినే. ఆ కూత విన్నవాళ్లు బేగంపేట చుట్టుపక్కల కాలనీల్లో ఇంకా చాలామంది ఉంటారు. వైకౌంట్ పక్కన 748 లేకపోతే ఆ వరస నాకు వెలితిగా ఉంటుంది.

వాసు_మల్కాజిగిరి, బుధవారం రాత్రి 9:30

నిర్ణయం చెప్తాను. డకోటా, కాన్‌స్టెలేషన్, వైకౌంట్, 707, కారవెల్ 1:144లో కిట్లు. రెక్కలు కూడితే 120 సెంటీమీటర్లు, కొంచెం ఏటవాలుగా పెడితే షెల్ఫ్‌లో పడతాయి. కాన్‌స్టెలేషన్ 749 దొరికేదాకా ఆగుతాను, సూపర్ కాన్‌స్టెలేషన్ కొనను. 707 కాన్వే ఇంజిన్లతోనే. 748కి పై అర ఖాళీ చేస్తున్నాను సర్. 747 మాత్రం రెడీమేడ్ 1:200, వేరే గూట్లో, కృష్ణదేవరాయ దొరికితే అదే.

మొదట సీ-47 మొదలుపెడుతున్నాను. నిహారిక గారూ, కాగితాలు దొరగ్గానే స్కాన్ పంపుతాను. లోహపు మెరుపుకి లాకర్ రంగు వాడాలనుకుంటున్నాను. ఈ వానల్లో కొట్టొచ్చా?

విశాఖ_తీరం, గురువారం ఉదయం 6:40

వానలో కొట్టకండి. గాలిలో తేమ ఎక్కువుంటే లాకర్ ఆరేటప్పుడు తెల్లటి మసక పడుతుంది. ముందు అతుకులు, తలుపు గీతలు పూర్తి చేయండి. నిగనిగలాడే నలుపు అడుగు కోటు కూడా పొడి రోజు చూసే వేయండి, పైన వచ్చే మెరుపంతా దాని నునుపు మీదే ఆధారపడుతుంది. ఆ కాలపు డకోటా ఒళ్లు అద్దంలా ఉండేది కాదు, రేకు రేకుకీ మెరుపు తేడా ఉంటుంది. రెండు మూడు షేడ్‌లు కలుపుకుని ఒక్కో రేకుకి ఒక్కోటి వేయండి.

డార్ట్_ఇంజిన్, గురువారం ఉదయం 8:15

రంగు వేసేముందు తలుపు వైపు ఫొటో ఇక్కడ పెట్టు వాసూ. కీళ్లు ఎటు ఉన్నాయో చూసి చెప్తాను.